ఇంటి సంగతులు: కొత్త భోషాణం

లోగడ రెండు మూడు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఒకే ప్రశ్న వేరు వేరు రూపాలలో కనిపిస్తున్నది. “ఫోను నిండిపోయింది, ఏది తీసివేయమంటారు?” అని ఒక సోదరి అడిగారు. “మా అబ్బాయి నాస్ అనే పెట్టె ఒకటి కొందామంటున్నాడు. అది మనకు నిజంగా అవసరమా, లేక వాడి సరదాయా?” అని ఒక పెద్దమనిషి వ్రాశారు. “నాన్నగారి ఉత్తరాలూ, పాత ఫోటోలూ స్కానింగు చేయించి కంప్యూటరులోకి ఎక్కించాము. ఇక అసలు కాగితాలు పారవేయవచ్చునా?” అని ఇంకొకరు. చివరి ప్రశ్నకు ముందుగానే జవాబు చెప్పివేస్తాను: పారవేయకండి. మిగిలిన రెండింటికీ కలిపి ఈ నెల ముచ్చటించుకుందాము.

మన పాత ఇళ్ళలో భోషాణం అని ఒకటి ఉండేది. పట్టుబట్టలు, దస్తావేజులు, వెండి చెంబులు, జాతకాలు అన్నీ అందులోనే. అది ఇంటిల్లిపాదికీ చెందినది, ఏ ఒక్కరి చేతిసంచీ కాదు. ఈ నాస్ అనేది అటువంటి భోషాణమే. చూడటానికి చిన్న రేడియో పెట్టె అంత ఉంటుంది. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు, వాటిని నడిపించే చిన్న కంప్యూటరు ఒకటి. దానికి తెర లేదు, మీటలు లేవు. వైఫై ఇచ్చే రౌటరుకు ఒక తీగతో తగిలించి మూలన పెట్టితే, ఇంట్లోని ఫోనులూ, కంప్యూటర్లూ, టీవీ కూడా అందులో దాచుకోగలవు, అందులోనుంచి తీసి చూపగలవు. ఎవరి ఫోను పోయినా, పగిలినా, అందులోనివి ఇందులో మిగిలి ఉంటాయి.

ఇన్నాళ్ళూ లేని ఈ అవసరం ఇప్పుడెందుకు వచ్చిందంటే, ఇన్నాళ్ళూ మన ఫోటోలను గూగుల్‌వారు ఉచితంగా దాచిపెట్టేవారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగిపోయింది. పదిహేను గిగాబైట్లు దాటితే నెలనెలా అద్దె కట్టవలసిందే. అద్దె కట్టటం తప్పేమీ కాదు. కట్టటం మరిచిపోయిన ఇంట్లో ఏమవుతుందన్నదే ఆలోచించవలసిన మాట.

మనవంటి కుటుంబాలకు ఇందులో ఇంకొక సంగతి కూడా ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు రాజధాని నుంచి విడివడి అటు చేరింది. అక్కడి తెలుగువారు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలింది. మద్రాసులోనూ, బెంగుళూరులోనూ, బొంబాయిలోనూ ఉన్న మనవారి కథలు వేరైనా చివరికి తేలేది ఒకటే. తాతలు తెలుగులో ఉత్తరాలు వ్రాసుకున్నారు. తండ్రులు బడిలో మరొక భాష చదువుకొని తెలుగును ఇంట్లో నేర్చుకున్నారు. పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడుతారు గాని, ఉత్తరం చేతికిస్తే అటూ ఇటూ త్రిప్పి చూసి తిరిగి ఇచ్చివేస్తారు. వేసవి సెలవులకు “మన ఊరు” వెళ్ళి ముసలివాళ్ళను అడిగి తెలుసుకుందామంటే, మన ఊరు ఇదేనాయె. కాబట్టి మన వంశం సంగతి, మన ఇంటి మాట, యాస, పెండ్లి పాట, ఇవన్నీ ఎక్కడైనా ఉన్నాయంటే ఇంటి కాగితాలలోనూ, ఇంట్లో పెద్దల గొంతులోనూ ఉన్నాయి. ఆ గొంతులు ఈనాడు ఎక్కడున్నాయి? కోడలి ఫోనులో ఒకటి, మనుమడి పాత ఫోనులో ఒకటి, అది కూడా తెర పగిలి సొరుగులో పడి ఉన్నది. భోషాణం కావాలనటానికి నాకు కనిపించే అసలు కారణం ఇది. సినిమాలు దాచుకోవటానికైతే నేను ఇంత కాగితం ఖర్చు చేయను.

అందరూ కొనాలని మాత్రం అనను. ఇంట్లో ఇద్దరే ఉండి, ఉన్నదంతా కలిపి ఒక టెరాబైటు లోపు అయితే, బయట తగిలించే డిస్కులు రెండు కొని, ఒకటి ఇంట్లోనూ ఒకటి కూతురి ఇంట్లోనూ ఉంచుకుంటే చాలును. నలుగురైదుగురు ఉన్న ఇల్లు, తలా ఒక ఫోను, పైగా పాత ఫోటోలు ఎక్కించే పని ఉన్నదంటే, అప్పుడు పెట్టె మాట ఆలోచించవచ్చును.

ఎంత పెద్దది కావాలన్నది చిన్న లెక్క. ఫోనుతో తీసిన ఫోటో సుమారు మూడు మెగాబైట్లు. ఏడాదికి మనిషి మూడు వేల ఫోటోలు తీస్తాడనుకుంటే తొమ్మిది గిగాబైట్లు, అయిదుగురికి నలభై అయిదు. వీడియోలు ఎక్కువ తింటాయి. ఒక నిమిషం వీడియో, తీసే పద్ధతిని బట్టి, 60 మొదలు 400 మెగాబైట్ల దాకా పోతుంది. ఫోటోలకు రెండింతలు వీడియోలకు వేసుకున్నా ఏడాదికి నూట ముప్ఫై అయిదు గిగాబైట్లు. పాత ఫోటోలు ఎక్కించేటప్పుడు అంగుళానికి 600 చుక్కల చొప్పున తీయించండి. ఆరు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు గల ఫోటో నష్టం లేకుండా దాస్తే సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. వెయ్యి ఫోటోల ఆల్బములు ఉన్నా 26 గిగాబైట్లే. కనుక నాలుగు టెరాబైట్ల చోటు ఒక కుటుంబానికి చాలా కాలం సరిపోతుంది. పిల్లలు ఎనిమిదీ పన్నెండూ అంటే తొందరపడి తల ఊపకండి.

ఈ అంకెలు ఎంతటివో తెలియాలంటే, 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి హార్డ్ డిస్కును బయటికి తెచ్చినప్పుడు 24 అంగుళాల పళ్ళాలు 50 ఒకదానిమీద ఒకటి పేర్చి, బీరువా కంటె పెద్ద యంత్రంలో 50 లక్షల అక్షరాలు పట్టించారు. ఈనాటి ఫోటోలు రెండు అందులో పట్టవు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే డిస్కులో 4 లక్షల కోట్ల అక్షరాలు పట్టుతాయి. అన్నట్లు, నాలుగు టెరాబైట్లని కొన్న డిస్కును కంప్యూటరు 3.6 అని చూపుతుంది. దుకాణదారు మోసం చేశాడనుకోకండి. అమ్మేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది, అంతే తేడా.

రెండు డిస్కులు పట్టే పెట్టె కొనండి. మన దేశంలో తరచుగా దొరికే సైనాలజీ, క్యూనాప్ రెండూ తైవాను సంస్థలవి. ఇంట్లో పాత కంప్యూటరు ఖాళీగా ఉండి, దానితో కుస్తీ పట్టే ఓపిక గల పిల్లవాడు ఉంటే, ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచితపు సాఫ్టువేరుతో దానినే నాస్‌గా మార్చుకోవచ్చును. కాని ఆ పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళిపోతే ఎవరు చూస్తారన్నది కూడా ముందే అనుకోండి.

డిస్కులు కొనేటప్పుడు ఒక్క మాట తప్పక అడగవలసి ఉన్నది. కొన్ని డిస్కులలో గీతలను పెంకుటింటి పెంకుల మాదిరిగా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కేటట్లు వ్రాస్తారు. దానిని ఎస్.ఎం.ఆర్. అంటారు. తక్కువ చోట ఎక్కువ పట్టుతుంది గాని, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే చుట్టుప్రక్కలవి కూడా ఎత్తి మళ్ళీ పరచాలి. నాస్‌లో చెడిన డిస్కును మార్చి కొత్తదానిని నింపేటప్పుడు ఇది ప్రాణం తీస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్ కోసమే అమ్ముతున్న రెడ్ డిస్కులలో కొన్నిటిలో ఈ పెంకుల పద్ధతి ఉన్నదని బయటపడి పెద్ద గొడవ అయింది. తరువాత వారే ఏది ఏ రకమో జాబితా ప్రకటించారు. మీరు సి.ఎం.ఆర్. అని స్పష్టంగా వ్రాసి ఉన్న డిస్కునే కొనండి. బిల్లు జాగ్రత్త చేయండి. ఇట్టి డిస్కులకు మూడేళ్ళో అయిదేళ్ళో హామీ ఉంటుంది.

బిగించే పని మీరనుకున్నంత కష్టం కాదు. డిస్కులను అరలలోకి తోసి, తీగలు తగిలించి, కంప్యూటరులో సంస్థవారు చెప్పిన చిరునామా తెరిస్తే అదే ఒక్కొక్కటిగా అడుగుతూ పోతుంది. పెట్టెను వైఫైతో కాక తీగతోనే రౌటరుకు కలపండి. కొన్ని రౌటర్లలో తీగ తగిలించే చోట్లు కొన్ని నెమ్మదివి, కొన్ని వేగం గలవి ఉంటాయి. వంద గిగాబైట్లు ఎక్కించటానికి గిగాబిట్ చోటు అయితే పావుగంట, వంద మెగాబిట్ చోటు అయితే రెండున్నర గంటలు. కరెంటు ఖర్చు భయపడదగినది కాదు. పదిహేను ఇరవై వాట్లు తీసుకునే పెట్టె రాత్రింబగళ్ళు తిరిగినా నెలకు పదకొండు మొదలు పదిహేను యూనిట్లు. కరెంటు హఠాత్తుగా పోవటమే దానికి పడదు. అందుచేత చిన్న యూ.పీ.ఎస్. ఒకటి తప్పదు. యూ.పీ.ఎస్. నుంచి పెట్టెకు యూ.ఎస్.బి. తీగ కూడా కలిపితే, బ్యాటరీ అడుగంటుతున్నదని తెలుసుకొని పెట్టె తనంత తానే సర్దుకొని నిద్రపోతుంది. ఇంటికంతకూ ఇన్వర్టరు ఉన్నది గదా అనకండి. ఇన్వర్టరు అందుకొనే ఆ రెప్పపాటు ఫానుకు తెలియదు గాని, కంప్యూటరుకు తెలుస్తుంది.

డిస్కులు రెండు ఉన్నాయి గదా, ఎట్లా వాడుకోవాలని పెట్టె అడుగుతుంది. రెండూ కలిపి ఒక పెద్ద చోటుగానా, లేక ఒకదానిలో వ్రాసినదే రెండవదానిలోనూ వ్రాస్తూ అద్దంలోని నీడవలెనా? నీడనే కోరండి. చోటు సగమవుతుంది. కాని ఒక డిస్కు పోయినా రెండవది ఉంటుంది. పెట్టె కూతపెట్టి చెప్పుతుంది, కొత్త డిస్కు పెట్టితే మళ్ళీ నింపుకుంటుంది. పలు డిస్కులను ఇట్లా ఒకటిగా వాడుకొనే పద్ధతులకు రెయిడ్ అని పేరు పెట్టి, 1988లో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంవారు పేటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు శాస్త్రోక్తంగా వ్రాశారు.

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. నీడ ఉన్నది గదా, ఇంక భయమేమిటి అని నిశ్చింతగా కూర్చుంటారు. నీడ ప్రతి కాదు. మీ మనుమడు పొరపాటున పెళ్ళి ఫోటోల ఫోల్డరు చెరిపివేస్తే, అద్దంలోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. పిడుగుపాటుకు పెట్టె కాలితే రెండు డిస్కులూ కలిసే కాలుతాయి. దొంగ ఎత్తుకుపోతే రెండింటినీ ఒకే చంకలో పెట్టుకొని పోతాడు. డిస్కు చెడిపోవటమనే ఒక్క ఆపదకు తప్ప నీడ ఇంక దేనికీ అడ్డు రాదు. చెరిపినది తిరిగి పొందటానికి స్నాప్‌షాట్ అనే ఏర్పాటు చాలా పెట్టెలలో ఉన్నది. రోజూ అర్ధరాత్రి అప్పటి స్థితిని గుర్తుపెట్టుకొమ్మని చెప్పితే, నిన్నటిదీ మొన్నటిదీ తీసి ఇస్తుంది. అది తప్పక పెట్టుకోండి. అయితే అదీ ఆ పెట్టెలోనిదే.

ప్రతి అంటే ఏమిటో మన పెద్దలకు బాగా తెలుసును. తాళపత్రం పురుగు తింటుంది, తేమకు ముక్కిపోతుంది. అందుకని శిథిలం కాకముందే మరొక తాటాకు మీదికి ఎత్తి వ్రాసి, ఇంకొకచోట ఉంచేవారు. కడపలో ఉన్న కాలంలో బ్రౌనుదొర తన ఖర్చుతో పండితులను పెట్టి, ఒక్కొక్క గ్రంథానికి ఊరూరా దొరికిన ప్రతులను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. అవి ఈనాటికీ మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఒక ఇంటి ప్రతిలో పురుగు తిన్న పద్యం వేరొక ఇంటి ప్రతిలో నిలిచి ఉండబట్టి అది సాధ్యమైంది. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫరు ఇదే సంగతిని మూడు, రెండు, ఒకటి అని అంకెలుగా చెప్పాడు. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి మాత్రం ఇంటికి బయట.

ఇంటికి బయట అంటే ఎంత దూరమన్నది మనం ఆలోచించవలసిన విషయం. బరంపురంవారికి సహజంగా తోచేది విశాఖపట్నం. అక్కడ అన్నదమ్ములో, వియ్యంకులో ఎవరో ఒకరు ఉంటారు. కాని జ్ఞాపకం చేసుకోండి: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను పట్టుకున్నది. రెండు ప్రతులూ ఒకే సముద్రపు ఒడ్డున ఉంచటం, రెండు గుడ్లనూ ఒకే బుట్టలో పెట్టి మధ్య ఒక గుడ్డ అడ్డు వేసినట్లే. బెంగుళూరులోనో, నాగపూరులోనో, హైదరాబాదులోనో మీవారెవరైనా ఉంటే రెండవ ప్రతికి అది మేలు. మద్రాసువారు 2015 డిసెంబరును మరిచిపోలేదు గదా. అడయారు పొంగినప్పుడు క్రింది అంతస్తుల ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళు బీరువాలలోని ఆల్బములను వదలలేదు. అందుచేత అసలు పెట్టెను కూడా నేలమీద కాక ఎత్తుగా అరమీద పెట్టండి.

ఆ రెండవ ప్రతిని ఇంటర్నెట్ ద్వారా పంపవచ్చును. కాని మొదటిసారి పంపేటప్పుడు లెక్క చూసుకోండి. ఒక టెరాబైటును, పైకి పంపే వేగం సెకనుకు పది మెగాబిట్లు ఉన్న ఇంటినుంచి పంపితే, ఎడతెగకుండా తొమ్మిది రోజులు పట్టుతుంది. దానికంటె ఒక డిస్కులో ఎక్కించి, ఎవరో ఒకరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సులో బెంగుళూరు వెళ్ళుతూంటే వారి చేతికి ఇవ్వటం త్వరగా అయ్యే పని. నాకు నచ్చిన పద్ధతి ఇంకా మోటుది. డిస్కులు రెండు కొనండి. ఒకటి పెట్టె ప్రక్కన, ఒకటి చుట్టాలింట్లో. సంక్రాంతికీ దసరాకూ రాకపోకలు ఎట్లాగూ ఉంటాయి, అప్పుడు అటుది ఇటు, ఇటుది అటు మార్చుకోండి. ఇక ఫోను నిండిపోయిన సోదరికి నా జవాబు: పెట్టెలోనూ, ఆ రెండవ డిస్కులోనూ చేరాయని స్వయంగా తెరిచి చూసుకున్న తరువాతనే, ఫోనులోవి తీసివేయండి. అంతవరకు ఒక్కటీ తీయవద్దు.

ఊళ్ళో లేనప్పుడు కూడా ఇంటి పెట్టెను చూడాలని పిల్లలు ఉబలాటపడుతారు. అందుకోసం రౌటరులో తలుపు తెరిచిపెట్టే ఏర్పాటు ఒకటి ఉన్నది. అది మాత్రం చేయనివ్వకండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్‌వారి మై బుక్ లైవ్ అనే పాత పెట్టెలు వాడేవారు ప్రపంచంలో పలుచోట్ల తమ పెట్టెలు తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. ఎవరో ఇంటర్నెట్ దారిన వచ్చి తుడిచివేశారు. ఆ పెట్టెలకు మరమ్మతు సాఫ్టువేరు 2015తోనే ఆగిపోయి ఉన్నది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దొంగ సాఫ్టువేరు క్యూనాప్ పెట్టెలలోకి చొరబడి, అన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగింది. బయటినుంచి చూడక తప్పదంటే టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు దారి పెట్టుకోవాలి. పెట్టె సాఫ్టువేరును కొత్తదిగా ఉంచుకోండి. అడ్మిన్ అని పుట్టుకతో వచ్చే పేరును మూసివేసి, వేరొక పేరుతో అధికారిని పెట్టండి. ఇంట్లో ప్రతివారికీ వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఇవ్వండి. అత్తగారి ఫోటోలు అల్లుడుగారు పొరపాటున చెరపకుండా ఉండటానికి ఇంతకంటె మర్యాదైన మార్గం లేదు.

పేర్లు పెట్టటం అనేది అందరూ వదిలివేసే పని, అన్నిటికంటె ముఖ్యమైన పని. పాత ఫోటో వెనుక మన వాళ్ళు సిరాతో వ్రాసి ఉంచేవారు: ఎవరు, ఎప్పుడు, ఏ పెళ్ళిలో. స్కానింగు దుకాణంవాడు ముందువైపు మాత్రమే తీసి ఇస్తాడు. వెనుకవైపు కూడా తీయించండి. తరువాత ఫైలుకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం ముందు, నెల తరువాత వ్రాయండి, “1962-05 పెద్దత్తయ్య పెళ్ళి” అని. అప్పుడు అన్నీ వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. తెలుగులో వ్రాయవచ్చునా అని సందేహం వద్దు, పెట్టెకు తెలుగు వస్తుంది. అయితే పేరు మరీ పొడుగైతే ఒప్పుకోదు. మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు 255 పట్టే చోట మన అక్షరాలు 85 పట్టుతాయి. సైనాలజీవారి పెట్టెలో రహస్యలిపిలో దాచే ఫోల్డరు అయితే 47 మాత్రమే. పైగా ఒత్తులనూ, గుణింతపు గుర్తులనూ కూడా అది విడివిడిగా లెక్కిస్తుంది. “శ్రీ” మన కంటికి ఒక్క అక్షరం, దాని లెక్కలో నాలుగు. కాబట్టి పేరు క్లుప్తంగా పెట్టి, వివరాలు అదే ఫోల్డరులో ఒక చిన్న కాగితంగా వ్రాసి ఉంచండి. ఆ కాగితం తెలుగులోనూ, పిల్లలు చదవగలిగే లిపిలోనూ రెండింటా ఉండాలి. పిల్లలకు రాదని తెలుగు మానివేయటం నాకు ఇష్టం లేదు. వారికి రావాలంటే ముందు అది కంటపడాలి గదా. ఈ పనికి కుర్రవాళ్ళు చాలరు. ఆ ఫోటోలో మూడవ వరుసలో నిలుచున్నది ఎవరో తెలిసినవారు ఇంట్లో ఒక్కరే ఉంటారు, వారికి ఎనభై దాటి ఉంటాయి. వారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఫోనులో రికార్డింగు నడుస్తూండగా ఒక్కొక్క ఫోటో చూపించి చెప్పించండి. పేర్లకు పేర్లు వస్తాయి, గొంతు మిగులుతుంది.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్పుతాను. ఇంటి పెద్ద రైల్వేలో పని చేసి రిటైరయినవారు. ఏ పని చేసినా పద్ధతిగా చేసేవారు. రెండు డిస్కుల పెట్టె కొని, తల్లిగారి పాటలు, తండ్రిగారి దినచర్య పుస్తకాలు, అయిదు పెళ్ళిళ్ళ ఫోటోలు అన్నీ ఎక్కించారు. దొంగలు చూడకూడదని రహస్యలిపిలో పెట్టారు. యూ.పీ.ఎస్. ఉన్నది, నీడ డిస్కు ఉన్నది. ఒక తెల్లవారుజామున ఆయన గుండెపోటుతో పోయారు. పన్నెండు రోజులూ అయిన తరువాత పిల్లలు పెట్టె దగ్గర కూర్చున్నారు. ఆకుపచ్చ దీపం వెలుగుతున్నది, ఫాను తిరుగుతున్నది. పెట్టె వెనుక సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి నొక్కిపట్టి అధికారి పాస్‌వర్డు మార్చుకోగలిగారు. కాని రహస్యలిపి తాళం వేరు. అది ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తయారు చేసిన సంస్థ కూడా తీయలేదు, తీయగలిగితే అది తాళమే కాదు. ఆయన భార్య పూజగదిలోనూ, బీరువాలోనూ, బ్యాంకు పుస్తకాలలోనూ ఒక చీటీ కోసం నెలల తరబడి వెదికారు. ఆ పెట్టె ఇంకా వాళ్ళింట్లో తిరుగుతూనే ఉన్నది. ఆపటానికి ఆమెకు మనసొప్పటం లేదు.

కాబట్టి ఒక నోటుపుస్తకం కొనండి, కాగితంది. పెట్టె పేరు, చిరునామా, అధికారి పేరు, పాస్‌వర్డు, రహస్యలిపి తాళం పెట్టి ఉంటే అది, రెండవ ప్రతి ఎవరింట్లో ఉన్నది, ఏ డిస్కు ఎప్పుడు కొన్నది, ఇవన్నీ అందులో వ్రాయండి. దస్తావేజులు ఉన్నచోట అది ఉండాలి. దస్తావేజులు ఎక్కడున్నాయో ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండాలి. ఇది చెప్పవలసిన మాటా అని నవ్వకండి, తెలియని ఇళ్ళు కద్దు. ఇంకొక ప్రతి ఊరుబయట ఉన్న పెద్ద కూతురికో కొడుకుకో కవరులో అంటించి ఇవ్వండి. నా మట్టుకు నాకు, కుటుంబపు ఫోటోలకు రహస్యలిపి అవసరమే కనిపించదు. బ్యాంకు కాగితాలకు వేరే చిన్న ఫోల్డరు పెట్టి దానికి మాత్రం తాళం వేసుకుంటే చాలును. మామ్మ పాటను దొంగిలించటానికి ఏ దొంగా రాడు, వచ్చి విన్నా నష్టం లేదు.

నెలకొకసారి పెట్టె తనలోని ఫైళ్ళన్నిటినీ చదివి సరిచూసుకొనే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దానిని నడవనివ్వండి. పుస్తకాలకు ఎండ చూపించినట్లు. ఏడాదికొకసారి మాత్రం మనిషి చేయవలసిన పరీక్ష ఉన్నది. దసరాలలో ఆయుధపూజనాడు ఎట్లాగూ ఇంట్లోని యంత్రాలన్నీ తుడుస్తాము. ఆ రోజున, పెట్టెను బిగించినవారు కాక వేరొకరు, ఇంటి ఇల్లాలైతే మరీ మంచిది, నోటుపుస్తకం చూసుకుంటూ రెండవ డిస్కులోనుంచి ఏదో ఒక పాట తీసి వినిపించాలి. బిగించినవారు నోరు మెదపకూడదు. వినిపించగలిగితే ఆ ఏటికి పని అయినట్లే. లేకపోతే పుస్తకంలో ఏ మాట తక్కువైందో అప్పుడే వ్రాసుకోవచ్చును. పూజ సంగతికి వస్తే, పసుపూ కుంకుమా పెట్టె ముందువైపున ఎంత చక్కగానైనా పెట్టుకోండి. వెనుకవైపు గాలి పోయే సందుల జోలికి పోకండి. అక్షింతలు కూడా దూరంనుంచే.